ఏడక్కల దిబ్బలో ఉలి చప్పుడు

ఏడక్కల దిబ్బ మంచి చోటు కాదని ఆళ్ళగడ్డ నుంచి రుద్రవరం దాకా ఎవరినడిగినా చెబుతారు. దీపాలు పెట్టే వేళ దాటాక ఆ దారిన పోవద్దంటారు. పోయినా ఆగొద్దంటారు. ఖర్మ కాలి ఆగినప్పుడు ఆ చప్పుడు గనక వినపడితే... వెనక్కి తిరిగి చూడకుండా బండి తోలమంటారు.

టక్... టక్... టక్.

ఉలి మీద సుత్తి పడే చప్పుడు.

పాల వ్యాను తోలే వెంకటేష్ ఒకసారి విన్నాడు. మూడు రోజులు జ్వరంతో మూలిగాడు. తప్పిపోయిన బర్రెను వెతుక్కుంటూ పోయిన కమలాక్షమ్మ విన్నది. బర్రె తనంతట తాను ఇంటికొచ్చింది, కమలాక్షమ్మకు మాత్రం తెల్లారేదాకా మాట రాలేదు. అక్కడి బొమ్మలు చెక్కినవాడే రాత్రిపూట వచ్చి ఇంకా చెక్కుతున్నాడని కొందరంటారు. ఇలాంటివి ఇంకొకటి చెక్కకుండా వాడి చేతులు నరికించారని కొందరంటారు. నోటికొక కథ.

నా పేరు రామలింగయ్య. ఆళ్ళగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్డు నడుపుతాను. ముప్పై ఏళ్ళుగా రాతి పొడి మింగుతున్నవాణ్ణి. ఇప్పుడు రాసేది మా షెడ్డులో పెద్దపనివాడు ఓబులేసుకు జరిగిన సంగతి. వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తాను. ఆ దిబ్బ ఉన్న పల్లె పేరు మాత్రం రాయను. రాయకపోవడానికి కారణం ఉంది.

ముందు ఆ దిబ్బ సంగతి చెప్పాలి. చెప్పాలంటేనే రోత పుడుతుంది.

రోడ్డుకు ఒక ఫర్లాంగు లోపల, శనగ చేల నడుమ, కూలిపోయిన గుడి. పైకప్పు ఎప్పుడో పోయింది. మూడు స్తంభాలు నిలబడి ఉన్నాయి, నాలుగోది ఎవడి పశువుల కొట్టానికో గడప అయింది. లోపల పన్నెండడుగుల రాతి పలక. దాని మీద వరసగా ఏడుగురు అమ్మలు కూర్చుని ఉంటారు, ఒక్కొక్కరు మూడడుగుల ఎత్తు. ఒక కాలు మడిచి, ఒక కాలు కిందికి వదిలి, చెయ్యి మోకాలి మీద పెట్టుకుని. ఇలాంటి పలకల్లో మామూలుగా ఈ చివర వీరభద్రుడు, ఆ చివర వినాయకుడు ఉంటారు. ఇక్కడ ఆ ఇద్దరూ లేరు. ఏడుగురే. అందులో ఏడో ఆమె ఒడిలో ఒక పసిబిడ్డ ఉంటాడు. ఆ బిడ్డ తల్లి బొటనవేలు పట్టుకుని ఉంటాడు... రాయిలో అంత మెత్తటి చెయ్యి నేనెక్కడా చూడలేదు.

ఆ బిడ్డ నెత్తిన సిగరెట్లు నలిపి ఆర్పిన మచ్చలు.

అమ్మల ఒళ్ళో మందు సీసాల మూతలు. మోకాళ్ళ మీద ఎర్రటి గుట్కా ఉమ్ములు, ఎండి పెచ్చులు కట్టినవి. పలక వెనక ఉచ్చల కంపు. ఒకామె రొమ్ము మీద తెల్లరంగుతో సందీప్ అని, పక్కామె భుజం మీద లావణ్య అని, మధ్యలో బాణం గుచ్చిన గుండె. ఏటా జాతర రోజు మాత్రం అందరికీ ఒకేసారి భక్తి పొంగుకొస్తుంది. అప్పుడు ఉమ్మి మీదే పసుపు పూస్తారు, పసుపు మీద నూనె పోస్తారు. ఒక ఏడు ఎవరో మహానుభావుడు ఇనప గేట్లకు వేసే పచ్చరంగు తెచ్చి మూడు మొహాలకు పూసిపోయాడు.

పగలు అక్కడ ఉమ్మేసినవాళ్ళే రాత్రి ఆ దారిన పోతూ తాయెత్తు తడుముకుంటారు. దెయ్యానికి భయపడతారు గానీ సిగ్గుకు భయపడరు.

పోయిన ఏడు జాతరకు ఊరి గుడి కమిటీవాళ్ళు ఫ్లెక్సీ కట్టారు. ‘మన ప్రాచీన సంస్కృతి, మన వారసత్వం’ అని ఇంత లావు అక్షరాలు. కింద పదహారు మంది ఫొటోలు, పదహారు మందికీ నల్ల కళ్ళద్దాలు. ఆ ఫ్లెక్సీ గాలికి ఎగరకుండా తాళ్ళు దేనికి కట్టారనుకున్నారు? మొదటి అమ్మ మెడకొకటి, ఏడో అమ్మ మెడకొకటి. ఉరి బిగించినట్టు బిగించారు.

కమిటీ పెద్ద పుల్లయ్య. నలభై ఎకరాల ఆసామి, మెత్తగా మాట్లాడే మనిషి. ఒకరోజు ఆయన మా షెడ్డుకొచ్చాడు. వెంట బనగానపల్లె నుంచి పిలిపించిన సిద్ధాంతి.

"కొత్త గుడి కడ్తాండాం రామలింగయ్యా" అన్నాడు. "సిమెంటు గోపురం, కింద టైల్సు, అంతా. పాత పలక తీసేసి అట్లాంటిదే నల్లరాయిలో నిగనిగలాడేది నువ్వు చేసియ్యల్ల. స్తంభాలు, ద్వారపాలకులు, అన్నీ నీకే."

ఏడాది పని. ఇది చదివేవాళ్ళకు దాని విలువ తెలియదు. కంప్యూటర్ చెప్పినట్టు రాయిని కోసే మిషన్లు వచ్చాక మా వీధిలో నాలుగు షెడ్లు మూతపడ్డాయి. మా షెడ్డులో ఆరుగురు పనివాళ్ళు పొద్దున వచ్చి, ఉలులకు పదును పెట్టుకుని, సాయంత్రం అదే పదునుతో ఇంటికి పోతున్నారు. పుల్లయ్య అడిగిన పని దొరికితే షెడ్డు నిలబడుతుంది. దొరకకపోతే సంక్రాంతికి ముందే తాళం.

ఓబులేసు మాత్రం ఉలి కింద పెట్టి లేచాడు.

"పాత పలకకు ఏమైంది సామీ?"

"అరిగిపోలేదా? అరిగిపోయిన అమ్మోళ్ళకు ఎవురు మొక్కుతారప్పా?"

"మా నాయనకూ మొగం ముడతలు పడింది. మార్చుకుంటానా?"

షెడ్డులో నవ్వారు. పుల్లయ్య నవ్వలేదు. సిద్ధాంతి గొంతు సవరించుకుని శాస్త్రం చెప్పాడు. అరగడం వేరు, భిన్నం కావడం వేరట. ముక్కో మొహమో విరిగిన విగ్రహం పూజకు పనికిరాదు, దాన్ని నీళ్ళలో కలిపి కొత్తది పెట్టుకోవచ్చు. అరిగినదాన్ని కదిలిస్తే మాత్రం ఊరికి అరిష్టం. "ఏడుగురిలో ఒక్క అమ్మ బాగున్నా ఆ పలక పూజకు తగినదే" అన్నాడు.

పుల్లయ్య నిట్టూర్చాడు. "ఏడుగురుండారు. ఇన్ని వందల ఏండ్లలో ఒకామెకన్నా ముక్కు ఇరగలేదే!"

తల్లి ఇంకా చావలేదే అని బాధపడే కొడుకు గొంతు అలాగే ఉంటుంది కాబోలు. ఆ మాట అంటూ ఆయన షెడ్డంతా ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

ఓబులేసు ఊరుకోలేదు. వాడి కూతురు నంద్యాలలో డిగ్రీ చదువుతుంది. ఆ కాలేజీలో చరిత్ర చెప్పే మేడం నాగజ్యోతికి పలక కింద ఉన్న అక్షరాలను ఫోనులో ఫొటో తీసి పంపించాడు. గురువారం పొద్దున్నే ఆమె బస్సు దిగి వచ్చింది. చున్నీ ముక్కుకు కట్టుకుని రెండు గంటలు ఆ పీఠాన్ని కడిగింది. నేనూ ఓబులేసూ నీళ్ళు మోశాం. తడిపిన కాగితం అక్షరాల మీద పరిచి, బ్రష్షుతో తట్టి, సిరా అద్ది, అచ్చు తీసింది. నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు తేలాయి. ఒకటి కూడా మాకు చదవడం రాదు. అది తెలుగేనని ఆమె చెబితే మాకు నమ్మకం కుదరలేదు.

"తెలుగే. పదమూడు వందల ఏళ్ళ కిందటి తెలుగు" అని మెల్లగా వేలు పెట్టి చదివింది. ఏడుగురు అమ్మలకు గుడి కట్టించి, దీపానికి భూమి రాసిచ్చారట. దీన్ని చెరిచినవాడు వారణాసిలో వేయి ఆవులను చంపిన పాపాన పడతాడట. చివరి పంక్తి దగ్గర ఆమె ఆగింది. "ఇది చెక్కినవాడి పేరు. గుండోజు."

ఓబులేసు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మాలాంటోడే మేడం. ఉలి పట్టుకున్నోడే. పేరుండాది చూడు... ఇన్నేండ్లు ఈయన పేరు మీద కూసోని తాగినారు నాకొడుకులు."

ఆమె అప్పటికప్పుడు ఎవరెవరికో ఫోన్లు చేసింది. సోమవారం పురావస్తు శాఖవాళ్ళు వస్తామన్నారు. వాళ్ళు వచ్చి రాసుకుని కంచె వేస్తే ఇక ఎవరూ ముట్టుకోవడానికి లేదు.

"సోమవారం దాకా దీనికి ఏమీ కాకుండా చూడాలి ఓబులేసు గారూ."

"నేను చూస్కుంటా మేడం. నాదీ బాధ్యత."

వాడు మాటంటే మాటే. గురువారం రాత్రి, శుక్రవారం రాత్రి ఒక్కడే టీవీఎస్ వేసుకుని పోయి రోడ్డు పక్కన కల్వర్టు మీద కూర్చున్నాడు. దిబ్బ మీదికి పోవడానికి మాత్రం కాళ్ళు రాలేదు. ధైర్యవంతుడే గానీ వాడూ ఈ నేల మీద పుట్టినవాడే కదా, చిన్నప్పటి నుంచి విన్న భయం ఎక్కడికి పోతుంది? తాగుబోతులు గానీ, నిధుల కోసం తవ్వేవాళ్ళు గానీ వస్తే రోడ్డు నుంచే కనిపెట్టి కేక పెడదామని వాడి ఆలోచన.

శనివారం పొద్దున నేను నంద్యాలకు పోతున్నానని ఇంట్లో చెప్పి బస్సెక్కాను. షెడ్డు ఓబులేసుకు అప్పజెప్పాను.

ఆ రాత్రి సంగతి ఇది.

చుట్టాల పెళ్ళి ఉండి ఓబులేసు ఆలస్యంగా బయల్దేరాడు. కల్వర్టు దగ్గరికి చేరేసరికి పదకొండు దాటింది. మంచు కురుస్తోంది. శనగ చేల మీద తెల్లగా పరుచుకుంది. రోడ్డు మీద మనిషి లేడు, కుక్క లేదు. వాడు బండి ఆపి, తువ్వాలు చెవులకు చుట్టుకుని కూర్చున్నాడు.

బీడీ వెలిగించబోయాడు...

టక్.

అగ్గిపుల్ల చేతిలోనే ఆగిపోయింది.

టక్... టక్.

తువ్వాలు విప్పి విన్నాడు. దిబ్బ వైపు నుంచే.  బండెక్కి పారిపోదామనిపించింది. కానీ మేడంకిచ్చిన మాట ఉంది. దెయ్యమో, దొంగో — ఏదైనా సరే, అక్కడ పలక ఉంది. బండికి కట్టిన ఇనప కడ్డీ విప్పుకుని చేలోకి దిగాడు. నల్లరేగడి మంచుకు తడిసి చెప్పులకు అంటుకుంటోంది. చెప్పులు విడిచేశాడు.

పలకకు ఇరవై అడుగుల దూరంలోకి పోయాక మళ్ళీ ఆగాడు.

ఈసారి చప్పుడు స్పష్టంగా వినపడింది. వాడు ఊపిరి బిగబట్టి విన్నాడు. తర్వాత నాతో చెప్పేటప్పుడు ఈ చోటికొచ్చేసరికి వాడి గొంతు ప్రతిసారీ తగ్గిపోతుంది.

"అది గడ్డపార దెబ్బ కాదన్నా. తాగినోడి దెబ్బా కాదు. అది పనోడి దెబ్బ."

రెండు తేలిక దెబ్బలు. ఒకటి నిలకడ దెబ్బ. కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత...

ఉఫ్.

ఉలి దెబ్బ పడ్డ చోట దుమ్ము ఊదుకునే ఊపిరి. రాయి పనివాడు తప్ప ఇంకెవడూ అలా ఊదడు. వాడికి తండ్రి నేర్పింది అదే, వాడి తండ్రికి తాత నేర్పింది అదే. చీకట్లో, పాడుపడ్డ గుడిలో, అర్ధరాత్రి... ఆ ఊపిరి.

 ఓబులేసు చేతిలోని కడ్డీ జారి మట్టిలో పడింది. ఎలాగో ఫోను తీసి లైటు వేశాడు. చార్జింగ్ అయిపోవస్తున్న ఫోను, మసక వెలుతురు. మంచులో నుంచి ఆ వెలుతురు పలక దాకా పోయి పోకుండా పడింది. అమ్మలు నల్లగా కనపడ్డారు. వాడు ఒక్కొక్కరినే లెక్కపెట్టాడు. ఎందుకు లెక్కపెట్టాడో వాడికే తెలియదు.

ఒకటి. రెండు. మూడు. నాలుగు...

ఐదు. ఆరు. ఏడు...

ఎనిమిది.

ఏడో అమ్మ పక్కన ఇంకొక ఆకారం. అమ్మల మాదిరే ఒక కాలు మడిచి, ఒక కాలు కిందికి వదిలి, చెయ్యి మోకాలి మీద పెట్టుకుని కూర్చుని ఉంది. కదలదు. మెదలదు. దానికి మొహం లేదు. మొహం ఉండాల్సిన చోట నల్లగా ఉంది, అంతే.

ఓబులేసు లైటు ఆర్పేశాడు. 

"గుండోజయ్యా..." అన్నాడు. అది మాట కాదు, గాలి. "నువ్వేనా సామీ?"

రెండు చేతులూ జోడించాడు.

"పని చేస్కో సామీ. నేను అడ్డం రాను... పోతాండా."

మోకాళ్ళ మీద కూలబడి, ఆ తడి మట్టిలో నుదురు ఆనించి మొక్కాడు. తర్వాత వీపు చూపకుండా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ రోడ్డు దాకా వచ్చాడు.

ఇక్కడ వాడు చేసిన తప్పు ఏమిటో చెబుతాను. అది మా పనివాళ్ళు తప్ప లోకంలో ఇంకెవరూ చేయని తప్పు. అక్కడ మొరటు దెబ్బ వినపడి ఉంటే ఓబులేసు కడ్డీ ఎత్తుకుని సింహం మాదిరి మీద పడేవాడు. వాడు విన్నది చేయి తిరిగిన దెబ్బ. చేయి తిరిగినవాడు రాయిని చెరపడని వాడి నమ్మకం. కన్నతల్లి బిడ్డ గొంతు నులమదని మనం ఎంత నమ్ముతామో వాడు అది అంత నమ్ముతాడు. అందుకే ఆ చప్పుడు విని, బొమ్మలను వాటి యజమానికే వదిలేసి వచ్చేశాడు.

రోడ్డెక్కి, బండి తాళం తిప్పబోతూ ఉండగా, దిబ్బ మీద ఇంకొక్కసారి...

టక్.

ఒక్కటే దెబ్బ. ఇక ఏమీ లేదు.

తెల్లారింది. ఆదివారం. మేకలు తోలుకుపోయేవాడు చూసి ఊళ్ళోకి పరుగెత్తాడు. ఏడు మొహాల్లో ఒక్కటీ మిగల్లేదు.

ఆ తర్వాత జరిగింది చూడటానికి కడుపు గట్టిగా ఉండాలి. పుల్లయ్య తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు, పొడిగా ఉన్న కళ్ళు. సిద్ధాంతికి ఫోను చేశారు. స్పీకరులోనే ఆయన "భిన్నం" అన్నాడు. ఆ మాట పూర్తికాకముందే జేసీబీ వచ్చింది. ఆదివారం, అంత పొద్దున, జేసీబీ! ముందే చెప్పి పెట్టకపోతే పెళ్ళికి పిలిచినా రాని బండి అది. అమ్మల మెడల కింద ఇనప గొలుసు వేసి పైకి లేపారు. ఎన్నడూ ఆ దిబ్బ చీపురు మొహం చూడలేదు, ఆరోజు డప్పులు తెచ్చారు. టెంకాయలు కొట్టారు. ఒకడు వీడియో తీస్తూ "పురాతన అమ్మవార్ల ఘన వీడ్కోలు" అని అరుస్తున్నాడు. పదమూడు వందల ఏళ్ళ రాయిని కేసీ కాలువ గట్టు మీదికి ఈడ్చి, బురదలోకి తోసేశారు. బుడబుడమని బుడగలొచ్చాయి. ఆడవాళ్ళు చెంపలేసుకున్నారు. అందరికీ పులిహోర పంచారు.

తిన్నారు. చేతులు ఆ కాలువలోనే కడుక్కున్నారు.

నేనూ అక్కడే ఉన్నాను. నంద్యాల నుంచి వచ్చేశాను కదా. ఓబులేసు మాత్రం దగ్గరికి రాలేదు. దూరంగా కల్వర్టు మీద తువ్వాలు మొహాన కప్పుకుని కూర్చున్నాడు.

సోమవారం జీపు వచ్చింది. శాఖవాళ్ళు ఖాళీ నేలను ఫొటో తీసుకున్నారు. కాలువలో నీళ్ళు నిండుగా ఉన్నాయి, తగ్గాక చూద్దామన్నారు. నాగజ్యోతి పలక ఉన్న గుంట దగ్గర చాలాసేపు నిలబడింది. పగిలిన సీసాలు, ఈగలు, జేసీబీ పళ్ళ గుర్తులు. ఫ్లెక్సీ మాత్రం భద్రంగా ఉంది. తాళ్ళు విప్పి వేపచెట్టుకు కట్టారు. ఆమె ఆ అక్షరాలు చదివి, పక్కకు పోయి వాంతి చేసుకుంది.

"అయిపోయింది. నా దగ్గరున్న కాగితం ఒక్కటే మిగిలింది" అంది మాతో. నీళ్ళ సీసా నేనే అందించాను.

ఓబులేసు ఆమె ముందు చేతులు కట్టుకున్నాడు. "మేడం, నేను కాపాడలేకపోయినా. కానీ ఎవురూ చెరపలేదు. ఆయనే తీసేస్కున్నాడు."

"ఎవరు?"

"చేసినోడు."

ఇది వాడి నమ్మకం. ఆ రోజు నుంచి ఈ కథ వాడు ఎవరికి చెప్పినా ఇలాగే ముగిస్తాడు. "మన ఉమ్ములు, మన పెయింట్లు చూసి చూసి రోసిపోయినాడు. ఈళ్ళకు నా బొమ్మలుండే యోగ్యత లేదని మొగాలు తీస్కపోయినాడు. నేను కండ్లారా చూసినా. ఆయన నా ముందరే కూసోనుండాడు." ఈ మాట చెప్పేటప్పుడు వాడి మొహంలో ఏడుపు ఉండదు. గురువును చూసి వచ్చిన శిష్యుడి వెలుగు ఉంటుంది. ఆ వెలుగును చూసినప్పుడల్లా నేను చూపు తిప్పుకుంటాను.

పని మా షెడ్డుకే వచ్చింది. ఏడాది పట్టింది. కొత్త అమ్మలను ఓబులేసే చెక్కాడు, నల్లరాయిలో, నిగనిగలాడేట్టు. రేపు వాళ్ళకు కళ్ళు తెరిచే ముహూర్తం. విగ్రహంలో అన్నీ అయ్యాక ఆఖరున కంటిపాప గీస్తాం. అది గీసేదాకా అది రాయి, గీశాక దేవత. ఆ గీత షెడ్డు పెద్దే గీయాలి. అంటే నేను. ఇవాళ సాయంత్రం ఓబులేసు నా ఉలికి పదును పెట్టి తెచ్చి, పక్కన కూర్చుని టీ తాగుతూ మళ్ళీ ఆ రాత్రి సంగతంతా చెప్పాడు. చెప్పి, ఎప్పటిలాగే అడిగాడు.

"నువ్వు నమ్ముతావు గదన్నా?"

"నమ్ముతాన్రా" అన్నాను.

వాడు ఇంటికి పోయాడు. నేను షెడ్డు తలుపు వేసుకుని ఇది రాస్తున్నాను.

ఆ ఎనిమిదో ఆకారం నేనే.

పుల్లయ్య నన్ను అడగలేదు. నాకు ఏమీ ఇవ్వలేదు, ఇస్తానని చెప్పనూ లేదు. ముక్కు విరగలేదే అని షెడ్డంతా చూసినప్పుడు ఆయన చూపు నా మీద ఒక్క క్షణం ఆగింది, అంతే. సోమవారం శాఖవాళ్ళు వస్తారని ఆయనకూ తెలుసు, ఆలోపు ఏదో ఒకటి అవుతుందని లెక్కేసుకుని జేసీబీకి చెప్పి పెట్టుకుని ఉంటాడు. మిగతాదంతా నేనే ఆలోచించుకున్నాను. నంద్యాలలో పగలంతా గడిపి, ఆఖరి బస్సుకు ఆళ్ళగడ్డ చేరి, చేల గట్ల మీద నడిచి పోయాను. నల్ల కంబళి తల మీదుగా కప్పుకున్నాను. మొహం లేదని వాడు చెప్పేది ఆ కంబళినే. ఉమ్మినవాళ్ళను, రంగులు పూసినవాళ్ళను ఇంతసేపూ తిట్టాను. కడిగితే ఉమ్మి పోతుంది. రంగు పోతుంది. నేను చేసింది పోదు.

పలకకు బీట రాకుండా, ముక్కు మాత్రమే ఎగిరిపోయేట్టు, ఒక్కొక్కరికి మూడే దెబ్బలు వేశాను. చెయ్యి వణకలేదు. పని నీటుగా వస్తోందని లోలోపల మెచ్చుకున్నాను కూడా. ఛీ.

ఆరోది అయ్యాక లైటు పడింది. ఊపిరి బిగబట్టి అమ్మల మాదిరి కూర్చున్నాను. ఓబులేసు నన్ను గుండోజయ్యా అని పిలిచాడు. వాడు మట్టిలో నుదురు పెట్టి మొక్కింది నాకు. ఇరవై ఏళ్ళు నా పక్కన అన్నం తిన్నవాడు, నన్ను దేవుణ్ణి చేసి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోయాడు. నా మీద నాకే అసహ్యం పుట్టింది. ఏడో అమ్మ మీదికి చెయ్యి లేవలేదు. ఉలి, సుత్తి మూటగట్టుకుని అవతలి వైపు చేలకు అడ్డంపడి పరుగెత్తాను.

రెండో గట్టు ఎక్కాక ఆగి ఊపిరి పీల్చుకున్నాను. పోనీలే, ఒక్కామె మిగిలింది అనుకున్నాను. ఒక్క అమ్మ బాగున్నా పలకను కదిలించకూడదని సిద్ధాంతే చెప్పాడు. పని పోతే పోయింది, షెడ్డుకు తాళం పడితే పడింది, ఏడో ఆమె, ఆమె ఒడిలో బిడ్డ అక్కడే ఉంటారు అనుకున్నాను. ప్రాణం కొంచెం తేలికపడింది.

అప్పుడే వెనక నుంచి... టక్.

ఒక్క దెబ్బ. రోడ్డు మీద ఓబులేసు విన్నది నేనూ విన్నాను. సుత్తి నా చంకలో ఉంది.

పొద్దున జేసీబీ పలకను పైకి లేపినప్పుడు గొలుసు సరిచేసే నెపంతో దగ్గరికి పోయి చూశాను. ఆరు మొహాల మీద నా ఉలి గాట్లు నాకు తెలుసు. ఏడో ఆమెకు గాటు లేదు. ముక్కు విరగలేదు. మొహమే లేదు. నుదుటి నుంచి గడ్డం దాకా ఏటి రాయి మాదిరి నున్నగా ఉంది. చేత్తో తడిమాను. ముప్పై ఏళ్ళ పనిలో అంత నునుపు నేను తేలేదు. మా ఆళ్ళగడ్డలో ఎవరూ తేలేదు. ఒక్క దెబ్బతో రాదు అది. ఒక్క రాత్రితో రాదు.

ఒడిలో బిడ్డ వైపు చూశాను. బిడ్డే లేడు. తల్లి బొటనవేలు పట్టుకున్న చెయ్యి అక్కడ లేదు. ఆ ఒడిలో ఎప్పుడూ ఎవరూ కూర్చోనట్టే ఉంది.